ఎండ కూడా మన పెట్టుబడే

క్రిందటి నెల మా మండల సంఘం సమావేశంలో ఎజెండాలో లేని విషయం ఒకటి ముందుకొచ్చింది. ధాన్యం డబ్బుల బకాయి గురించి, కాలువ చివరి భూములకు నీరందని సంగతి గురించి మాట్లాడుకుని లేవబోతుంటే, వెనక వరుసలోంచి ఒక కుర్రాడు ఫోను చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు. నీలాకాశంలో విమానం, దాని వెనక పొడుగాటి తెల్ల చార. "బాబాయ్, ఎండ తగ్గించడానికి పైనుంచి మందు చల్లుతున్నారంట. అందుకే వానలు ఇలా తగలడ్డాయంట. నిజమేనా?" అన్నాడు. సగం మంది నవ్వారు. మిగతా సగం మంది నవ్వలేదు, మా వంక చూశారు.

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. "అదంతా ఫోనుల్లో పుట్టించే పుకారురా" అని సర్దిచెప్పి పంపేశాం. కానీ ఇంటికొచ్చాక మనసు ఒప్పుకోలేదు. విత్తనం గురించి, యూరియా గురించి, బీమా గురించి ఎవరో చెప్పిన మాట నమ్మి నష్టపోయినవాళ్లం మనం. ఆకాశం సంగతైనా తెలుసుకోకుండా కొట్టిపారేస్తే ఎలా? మాది హైస్కూలు చదువే. తెలిసిన మాస్టార్లను అడిగి, దొరికింది చదివి, అర్థమైనంత మేర ఇక్కడ రాస్తున్నాం. తేలిందేమిటంటే, ఆ కుర్రాడు చూపించిన వీడియో తప్పు. కానీ అతను అడిగిన ప్రశ్న మాత్రం తప్పు కాదు.

ముందు ఆ తెల్ల చార సంగతి. విమానాలు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతాయి. అక్కడ గడ్డకట్టే చలి. ఇంజను వదిలే పొగలోని నీటి ఆవిరి ఆ చలికి మంచు రవ్వలై చారలా కనబడుతుంది. పౌషమాసంలో తెల్లవారుజామున నోటితో ఊదితే పొగ వచ్చినట్టే. అది మందు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రాయలసీమ మీద చేసిన మేఘమథనం కూడా ఇది కాదు. అది ఉన్న మేఘంలో రసాయనం చల్లి వాన కురిపించాలనే ప్రయత్నం. మేఘమే లేనిచోట అది పనిచెయ్యదు. ఎండ తగ్గించే ఆలోచన వేరే. అది మేఘాలకంటే పైన, వాన పుట్టే చోటుకు కూడా పైన, దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తున సన్నటి కణాలు నింపి సూర్యుడి వెలుతురులో కొంత వెనక్కి పంపాలనే ఆలోచన. ఇది పుకారు కాదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో చర్చ జరుగుతున్న విషయం. 1995లో నోబెల్ బహుమతి పొందిన పాల్ క్రుట్జెన్ అనే శాస్త్రవేత్త 2006లో దీని గురించి ఒక వ్యాసం రాసిన దగ్గర్నుంచి ఇది గట్టిగా నడుస్తోంది.

ఈ ఆలోచన మనిషి బుర్రలో కొత్తగా పుట్టింది కాదు. అగ్నిపర్వతాలు చేసి చూపించాయి.

పినటుబో పేలినప్పుడు

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో అనే కొండ పేలింది. దాని బూడిద చుట్టుపక్కల ఊళ్ల మీద పడి కొన్నాళ్లకు సద్దుమణిగింది. సద్దుమణగనిది వేరే ఉంది. కొండ కడుపులోంచి దాదాపు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డై ఆక్సైడ్, అంటే గంధకం మండితే వచ్చే ఘాటు వాయువు, స్ట్రాటో ఆవరణంలోకి ఎగదన్నింది. మన తల మీద 16, 17 కిలోమీటర్ల వరకు ఉండే గాలి పొరలో మేఘాలు, వానలు, గాలివానలు అన్నీ జరుగుతాయి. దాని పైన ఉండేదే స్ట్రాటో ఆవరణం. అక్కడ వాన లేదు. కింద లేచిన దుమ్ము, పొగ నాలుగు చినుకులు పడితే కడుక్కుపోతాయి. పైకి చేరినదాన్ని కడగడానికి అక్కడ వానే లేదు. అందుకే ఏడాది, రెండేళ్లు అక్కడే తిరుగుతుంది. పినటుబో వాయువు మూడు వారాల్లో భూమిని ఒక చుట్టు చుట్టేసింది. అక్కడి నీటి ఆవిరితో కలిసి గంధకామ్లపు తుంపరలుగా మారింది.

ఆ తుంపర సైజు ఎంతో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. అర మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వెంట్రుకను నిలువునా నూట నలభై చీలికలు చేస్తే ఒక చీలిక మందమన్నమాట. ఇంత చిన్నది ఎండను ఏం చేస్తుంది అనిపిస్తుంది. కానీ వెలుతురు కూడా అలలుగానే వస్తుంది. మన కంటికి కనబడే వెలుతురు అల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. అంటే తుంపర సైజూ, వెలుతురు అల సైజూ దాదాపు ఒకటే. అలాంటి జోడీ కుదిరినప్పుడే వెలుతురు బాగా చెదురుతుంది. దీన్నే పదో తరగతి పుస్తకంలో కాంతి పరిక్షేపణం అన్నారు. అప్పట్లో మార్కుల కోసం చదివి వదిలేశాం. అదే భూమి నుంచి పైకి వెళ్లే వేడి అల పొడవు సుమారు 10 మైక్రాన్లు. తుంపరకు ఇరవై రెట్లు. దానికి ఈ తుంపర పెద్దగా అడ్డుపడదు. పై నుంచి వచ్చే వెలుతురును చెదరగొడుతుంది, కింద నుంచి పోయే వేడిని చాలావరకు పోనిస్తుంది. ఫలితం భూమి చల్లబడటం. 1992లో ప్రపంచం సగటున దాదాపు అర డిగ్రీ చల్లబడింది.

గాలి అణువులు ఇంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి. అవి నీలం రంగును ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే ఆకాశం నీలం. తుంపరలు అన్ని రంగులనూ ఇంచుమించు సమంగా చెదరగొడతాయి, అందుకే అవి ఎక్కువైతే ఆకాశం పాలిపోయి తెల్లబడుతుంది. అరుదుగా కణాలన్నీ ఒకే సైజులో ఉంటే వింతలు జరుగుతాయి. 1883 ఆగస్టు చివర్లో జావా పక్కన క్రకటోవా పేలింది. సెప్టెంబరులో మద్రాసులోనూ, సిలోన్‌లోనూ జనం ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు. అప్పుడు మన కోస్తా జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోనివే. ఏడేళ్ల క్రితం కరువుతో కాటికి వెళ్లొచ్చినవాళ్లు ఆకుపచ్చ సూర్యుణ్ణి చూసి ఏమనుకుని ఉంటారో!

చెదరగొట్టేవి కొన్ని, పీల్చుకునేవి కొన్ని. గంధకపు తుంపర తెల్ల ధోవతి లాంటిది, ఎండను తోసేస్తుంది. మసి నల్ల గొంగళి లాంటిది, ఎండను పీల్చి తాను వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న గాలిని వేడి చేస్తుంది. 2019 చివర్లో, 2020 మొదట్లో ఆస్ట్రేలియా అడవులు తగలబడ్డాయి కదా, ఆ పొగ స్ట్రాటో ఆవరణంలోకి చేరాక అక్కడ ఆగలేదు. అందులోని మసి ఎండను పీల్చి గాలిని వేడి చేసింది, వేడెక్కిన గాలి పొగను ఇంకా పైకి మోసింది. అలా ఒక పొగ ముద్ద దాదాపు 35 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కింది. ఎవరూ నెట్టకుండా ఎండే నెట్టింది. తెల్ల తుంపరలు కూడా కొంత వేడిని పీల్చుతాయి. పినటుబో తర్వాత కింద భూమి చల్లబడితే పైన ఆ పొర రెండు మూడు డిగ్రీలు వేడెక్కింది, ఓజోన్ కూడా తరిగింది. చల్లబరచడం అంటే ఫ్యాను స్విచ్చి వేసినంత తేలిక కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

మన చేను ఏం చూస్తుంది

ఇక మన సంగతికి వద్దాం. ఎండ అనగానే మనకు వేడి గుర్తొస్తుంది. చేనుకు గుర్తొచ్చేది వెలుతురు. డెల్టా రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే నేల, అదే రైతు. సార్వాలో ఎకరానికి ముప్పై బస్తాలు చూడటానికి ఆపసోపాలు పడతాం. దాళ్వాలో అదే చేను నలభై, నలభై అయిదు బస్తాలిస్తుంది. నీటి యాజమాన్యం, తెగుళ్లు తక్కువ కావడం, ఇవన్నీ ఉన్నాయి. కానీ పెద్ద కారణం మబ్బు లేని ఎండ. గట్టున చింతచెట్టు ఉన్నవైపు నాలుగు సాళ్లు ఎప్పుడూ ఎదుగూబొదుగూ లేకుండా ఉంటాయి, చెట్టు ఎవరిదని గొడవలూ పడతాం. విత్తనానికి, ఎరువుకు, కూలికి లెక్క రాసుకుంటాం గానీ అన్నిటికంటే పెద్ద పెట్టుబడికి ఎప్పుడూ లెక్క రాయలేదు. అది ఉచితంగా వస్తోంది కాబట్టి.

పినటుబో తర్వాత ఆ పెట్టుబడిలో ఏం తేడా వచ్చింది? సూర్యుడి నుంచి తిన్నగా వచ్చే ఎండ దాదాపు 21 శాతం తగ్గింది. చెదిరి, ఆకాశం నలుమూలల నుంచి వచ్చే మెత్తటి వెలుతురు దాదాపు 20 శాతం పెరిగింది. ఎందుకంటే తుంపర తాకిన వెలుతురులో చాలా భాగం వెనక్కి పోదు, పక్కకు తిరిగి కిందకే వస్తుంది. అటూ ఇటూ పోను మొత్తం వెలుతురులో తరుగు సుమారు రెండున్నర శాతం.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మెత్తటి వెలుతురు మొక్కకు మంచిదే కదా అని కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. మిట్టమధ్యాహ్నం పై ఆకు మీద పడే ఎండ దానికి అవసరమైనదానికంటే ఎక్కువ. కింది ఆకులు మాత్రం చీకట్లో ఉంటాయి. వెలుతురు చెదిరి వస్తే పక్కల నుంచి దూరి కింది ఆకులకూ అందుతుంది. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో కోకో వేసిన రైతులకు ఇది తెలుసు, కోకోకు ఆ వడకట్టిన వెలుతురే హాయి. అమెరికాలో హార్వర్డ్ వాళ్ల అడవిలో కొలిచి చూస్తే పినటుబో తర్వాతి ఏడాది మబ్బులేని మధ్యాహ్నాల్లో చెట్లు మామూలుకంటే ఎక్కువ ఆహారం తయారుచేసుకున్నాయని 2003లో ప్రకటించారు. ఆ మాట పట్టుకుని, చల్లదనంతోపాటు పంటకు లాభం కూడా అని ప్రచారం మొదలైంది.

అడవి వేరు, చేను వేరు. మొక్కజొన్న ఎంత ఎండ ఇచ్చినా తినే పంట. దానికి చాలింది అనేది లేదు. 2018లో అమెరికా పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 1979 నుంచి 2009 వరకు 105 దేశాల దిగుబడుల లెక్కలు తీసి, 1982లో మెక్సికోలో పేలిన ఎల్ చిచోన్, 1991లో పేలిన పినటుబో తర్వాత వెలుతురు మార్పు వల్ల పంటలకేమైందో విడదీసి చూశారు. పినటుబో తుంపరల వల్ల మొక్కజొన్న దిగుబడి 9 శాతం పైగా, వరి, గోధుమ, సోయా దిగుబడి దాదాపు 5 శాతం పడిపోయిందని తేల్చారు. మెత్తటి వెలుతురు వల్ల వచ్చిన లాభం, పోయిన ఎండ నష్టాన్ని పూడ్చలేదు. రేపు మనిషి కావాలని ఇదే పని చేసినా, చల్లదనం వల్ల కలిసొచ్చేది వెలుతురు తరుగు వల్ల ఇంచుమించు పోతుందని వాళ్ల లెక్క. వేడి తగ్గడం వల్ల పంటలకు మేలే జరుగుతుందని 2012లో వచ్చిన ఒక కంప్యూటర్ అధ్యయనం చెప్పింది. రెండూ దాచకుండా చెబుతున్నాం. కానీ ఒకటి కంప్యూటర్లో వేసిన అంచనా, రెండోది నిజంగా పొలాల్లో పండిన గింజల లెక్క. మేము గింజల వైపే మొగ్గుతాం.

అయిదు శాతం అంటే చిన్నదిగా కనబడుతుంది. ఎకరానికి నలభై బస్తాలు పండే చేనుకు రెండు బస్తాలు. కౌలు రైతుకు అన్ని ఖర్చులూ పోను చివరికి మిగిలేది ఆ రెండు మూడు బస్తాలే. పైగా ఆ నష్టం ఎవరి కంటికీ కనబడదు. వరద వస్తే నీళ్లు కనబడతాయి, ఫొటో తీసి అధికారికి చూపిస్తాం. గాలివానకు చేను పడిపోతే కనబడుతుంది. ఆకాశం కాస్త పాలిపోయి గింజ కాస్త పాలుపోసుకోకపోతే దానికి ఏ బీమా కంపెనీ పరిహారం ఇస్తుంది? ఉన్న నష్టానికే రాబట్టుకోలేక తిరుగుతున్నాం.

మన యూరియా కూడా ఆకాశంలోనే

ఇది మాలో కొందరికి రుచించని భాగం. అయినా రాయాలి.

2011లో ఒక ఉపగ్రహపు కొలతల్లో విచిత్రం బయటపడింది. వానాకాలంలో ఆసియా మీద, ముఖ్యంగా మన ఉపఖండం మీద, 13 నుంచి 18 కిలోమీటర్ల ఎత్తున సన్నటి కణాల పొర ఒకటి ఏర్పడుతోంది. దీన్ని పరీక్షించడానికి 2014 నుంచి కొన్నేళ్లపాటు ఇస్రో, అమెరికా నాసా కలిసి హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి పరికరాలు కట్టిన బెలూన్లు ఎగరేశాయి. మన నెత్తి మీది ఆకాశాన్ని మన ఊరి నుంచే కొలిచారన్నమాట. ఆ పొరలో నైట్రేట్లు ఉన్నాయని తేలింది. 2019లో యూరప్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేసి, అవి అమ్మోనియం నైట్రేట్ కణాలని, నేల మీద లేచిన అమ్మోనియాను నైరుతి రుతుపవనాల మేఘాలు పంపులా పైకి తోడుతున్నాయని చెప్పారు. అమ్మోనియా ఎక్కణ్ణుంచి? చాలావరకు పొలాల్లో వేసే ఎరువుల నుంచి, పశువుల నుంచి.

నిండా నీళ్లున్న మడిలో మధ్యాహ్నం యూరియా వెదజల్లితే ముక్కుకు ఘాటు తగులుతుంది కదా, అదే అమ్మోనియా. బస్తాలో కొంత మొక్కకు, కొంత కాలువకు, కొంత గాలికి. గాలికి పోయినదాంట్లో కొంచెం ఉరుముల మేఘం పట్టుకుని పైకెక్కుతోంది. మేము కూడా అలా చల్లినవాళ్లమే, ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. ఇందులో రైతు తప్పు ఎంత, బస్తా యూరియా కావాలంటే పక్కన ఇంకో సీసా అంటగట్టే అమ్మకాల పద్ధతి తప్పు ఎంత, నేల పరీక్ష కార్డులు ఇచ్చి ఆ తర్వాత ముఖం చాటేసే వ్యవస్థ తప్పు ఎంత అనేది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేదల్లా ఒకటే. ఆకాశంతో మనకు సంబంధం లేదని మనం అనలేం. అలాగని, మన పొలంలోంచి తెలియక పోయే కొద్దిపాటి ఆవిరినీ, తెలిసి ఏటా లక్షల టన్నులు పైకి మోయాలనే పథకాన్నీ ఒకే గాటన కట్టనివ్వకూడదు.

ఎవరినడిగి?

2022లో ఒక చిన్న అమెరికన్ కంపెనీ మెక్సికోలో బెలూన్లలో గంధకపు వాయువు నింపి వదిలింది. ఎవరినీ అడగలేదు. పైగా చల్లదనాన్ని క్రెడిట్లుగా అమ్ముకోవడానికి బయలుదేరింది. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం ఇలాంటి ప్రయోగాలను నిషేధిస్తామని ప్రకటించింది. అంతకుముందు హార్వర్డ్ శాస్త్రవేత్తలు స్వీడన్ ఉత్తరాన ఒక బెలూన్ ఎగరెయ్యాలనుకున్నారు. అందులో కణాలు కూడా లేవు, పరికరాలు పరీక్షించడానికే. అయినా అక్కడ రెయిన్‌డీర్లు మేపుకునే సామీ తెగవాళ్లు "మా ఆకాశం మీద మమ్మల్ని అడగకుండానా" అని అడ్డం తిరిగారు. 2021లో ఆ ప్రయత్నం ఆగింది. 2024 మార్చిలో మొత్తం ప్రాజెక్టే మూసేశారు. జింకలు మేపుకునేవాళ్లు అడగగలిగిన ప్రశ్న, కోట్లమందిమి ఉన్న మనం అడగలేమా?

వెలుతురుకంటే మాకు ఎక్కువ భయం వాన గురించి. నేల వేడెక్కితేనే సముద్రం మీది తడిగాలి లోపలికి లాగబడుతుంది, అదే మన నైరుతి. ఎండ తగ్గిస్తే వేడితోపాటు ఆవిరీ తగ్గుతుంది. పినటుబో పేలిన తర్వాతి ఏడాది ప్రపంచంలో నేల మీద పడిన వాన, నదుల్లో పారిన నీరు బాగా తగ్గాయి. బొగ్గుపులుసు వాయువు పెంచిన వేడినంతా ఎండ తగ్గించి సరిచేస్తే ప్రపంచపు వాన మునుపటికంటే తగ్గుతుందని, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్సీలో ఉన్న గోవిందసామి బాల 2008లోనే లెక్కగట్టి చూపారు. ఇంకో సంగతి, కణాలు ఎక్కడ చల్లారన్నదాన్నిబట్టి నష్టపోయేవాడు మారతాడు. ఆఫ్రికాలో సహారా ఎడారి అంచున ఉన్న సాహెల్ ప్రాంతంలో 1900 తర్వాత వచ్చిన నాలుగు అతి కరువు వేసవుల్లో మూడింటికి ముందు ఉత్తరార్ధగోళంలో పెద్ద అగ్నిపర్వతం పేలిందని 2013లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఉత్తరాన చల్లబడితే వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది. అంటే ఒక దేశం తన గోధుమ కాపాడుకోవడానికి ఉత్తరాన చల్లుకుంటే, ఇంకో దేశపు జొన్న ఎండిపోవచ్చు. మన వరీ మన కందీ ఆ లెక్కలో ఎటువైపున ఉన్నాయో ఎవరు చెబుతారు?

ఇది ఒకసారి చల్లి ఊరుకునే పని కూడా కాదు. కణాలు ఏడాదీ రెండేళ్లలో రాలిపోతాయి, కాబట్టి ఏటా చల్లాలి. కింద బొగ్గు, చమురు కాల్చడం మానకపోతే ఏటా మోతాదు పెంచాలి. పత్తికి మందు కొట్టడం మొదలెట్టిన రోజులు గుర్తున్నాయి కదా, రెండుసార్లతో మొదలై పదిసార్లకు వెళ్లాం. ఏ యుద్ధమో వచ్చి, ఏ ప్రభుత్వమో మారి, చల్లడం మధ్యలో ఆగిపోతే దశాబ్దాలపాటు ఆపి ఉంచిన వేడంతా కొద్ది ఏళ్లలో ఒక్కసారి మీద పడుతుంది. అప్పుడు పూత దశలో ఏ పంట తట్టుకుంటుంది?

అయితే ఎండ దెబ్బ మాకు తెలియక ఇలా మాట్లాడటం లేదు. మార్చిలోనే నలభై డిగ్రీలు తాకుతుంటే దాళ్వా వరి పాలు పోసుకునే వేళకు తాలు పోతోంది. మధ్యాహ్నం కూలికి వచ్చిన మనిషి వడదెబ్బకు గట్టు మీద కూలబడితే మోసుకెళ్లింది మనమే. వేడి తగ్గించే దారి ఏదైనా వెతకండి అనే పేదదేశాల శాస్త్రవేత్తల మాటలో బాధ ఉంది, దాన్ని గౌరవిస్తాం. అందుకే పరిశోధన వద్దని మేము అనడం లేదు. బెలూన్లు ఎగరెయ్యండి, కొలవండి, ఉపగ్రహాలతో చూడండి. చల్లడం మాత్రం వద్దంటున్నాం. పొగ వదిలినవాడు పొగ తగ్గించకుండా, పరదా కడతాను మీరు ఆ నీడలో సాగు చేసుకోండి అంటే ఒప్పుకోవడం ఎలా?

చట్టం లేదా అంటే, సగం ఉంది. ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందంలోని దేశాలు 2010లో జపాన్‌లోని నగోయాలో కూర్చుని, శాస్త్రీయ ఆధారం, నష్టాల అంచనా తగినంత లేకుండా ఇలాంటి పనులు చేపట్టకూడదని అనుకున్నాయి. చిన్న పరిశోధనలకు మినహాయింపు ఇచ్చాయి. అదే మాటను 2012 అక్టోబరులో మళ్లీ ఖాయం చేశాయి. ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో జరిగిన పదకొండో సదస్సులో. ఆ రోజుల్లో నగరమంతా ఫ్లెక్సీలు కట్టారు, సదస్సు జరిగిందని మనలో చాలామందికి తెలుసు, అక్కడ మన ఎండ గురించి ఒక తీర్మానం జరిగిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఒప్పందంలో అమెరికా చేరలేదు. మాట తప్పినవాడికి శిక్ష కూడా లేదు. 2024లో నైరోబీలో జరిగిన ఐరాస పర్యావరణ సభలో స్విట్జర్లాండ్ దీని మీద తీర్మానం తెస్తే ఏకాభిప్రాయం కుదరక వెనక్కి తీసుకున్నారు.

కాబట్టి రాబోయే జిల్లా మహాసభలో మా మండలం తరఫున ఒక తీర్మానం పెడుతున్నాం. స్ట్రాటో ఆవరణంలో కణాలు చల్లే పనిని మన దేశం తాను చెయ్యదని, ఇంకొకరు చేస్తే ఒప్పుకోదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టంగా చెప్పాలి. ఈ విషయం మీద మన దేశం ఏ సభలో ఏ మాట మాట్లాడినా ముందు రైతు సంఘాలను పిలిచి అడగాలి. మన విశ్వవిద్యాలయాలు వరికి, మొక్కజొన్నకు, కందికి వెలుతురు తరుగు వల్ల ఏమవుతుందో మన నేలలో పరీక్షించి తెలుగులో చెప్పాలి. ఎంపీలకు ఇవ్వాల్సిన వినతిపత్రం నకలు సంఘం ఆఫీసులో ఉంది, చదివి సంతకం చెయ్యండి. చదవకుండా మాత్రం చెయ్యొద్దు.

ఇంకొక చిన్న కోరిక. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో ఒక గాజు గోళం ఉంటుంది. ఎండ దానిలోంచి పోయి వెనక ఉన్న అట్టముక్క మీద కాలిన గీత గీస్తుంది. మబ్బు పడితే గీత తెగిపోతుంది, ఎండ మందగిస్తే గీత సన్నబడుతుంది. రోజుకొక అట్ట. ఆ గీతల పొడవు కొలిచి రోజూ ఎన్ని గంటలు ఎండ కాసిందో రాసుకుంటారు. వానపాతం లెక్క పేపర్లో వేస్తున్నట్టే ఆ ఎండ లెక్క కూడా నెలనెలా రైతులకు తెలిసేలా బోర్డు మీద పెట్టమని దగ్గర్లోని పరిశోధనా స్థానాన్ని అడుగుతున్నాం. వీడియో చూపించిన కుర్రాణ్ణే అర్జీ రాయమన్నాం. రాసి తెచ్చాడు, అక్షరాలు బాగానే ఉన్నాయి. వచ్చే సోమవారం వెళ్తున్నాం.